అంగుళంలో ఎన్ని అల్లికలు?

పనామా టోపీలు అమ్మేవాళ్ళ దగ్గర రెండు కథలు తప్పకుండా ఉంటాయి. ఒకటి: అసలైన మేలురకం టోపీని చుట్టచుడితే పెళ్ళి ఉంగరంలోంచి దూరిపోతుంది. రెండు: దాన్ని తిరగేసి నీళ్ళు పోస్తే ఒక్క చుక్క కూడా కారదు. ఇలాంటి కథలు మనకి కొత్తేమీ కాదు. ఢాకా మస్లిన్ గురించి ఇదే ఉంగరం కథ చెప్తారు. సిరిసిల్ల నేతకారుడు అగ్గిపెట్టెలో పట్టే చీర నేశాడని మనం ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాం. పనితనం కంటికి ఆననంత సన్నగా ఉన్నప్పుడు దాన్ని నమ్మడానికి మనకి ఒక ఉంగరమో అగ్గిపెట్టో కావాలి.

చిక్కేమిటంటే ఉంగరం కొలిచేది పలచదనాన్ని మాత్రమే. కాయితప్పోగులతో అల్లిన పలచటి నకిలీ టోపీ కూడా అందులోంచి దూరొచ్చు. పైగా అలా చుట్టచుడితే మడత పడినచోట పరకలు విరుగుతాయి. అంటే నాణ్యత ఉందో లేదో తెలుసుకోవడానికి ఉన్న నాణ్యతని పాడుచేయడం అన్నమాట. నీళ్ళ పరీక్ష కూడా అంతే. గంజిలాంటి పూత పెట్టి గట్టిపరిచిన ముతక టోపీ కూడా కాసేపు నీళ్ళని ఆపొచ్చు. ఈ రెండూ పరీక్షలు కావు, అమ్మకపు మాటలు.

మరి అసలు పరీక్ష ఏది? ఒక టోపీ ముప్ఫై డాలర్లకి, అచ్చం అలాగే కనిపించే ఇంకో టోపీ వేల డాలర్లకి ఎందుకు అమ్ముడుపోతుంది? ఆ తేడాని ఎవరు తేల్చారు, దేన్ని కొలిచి తేల్చారు, దానివల్ల ఎవరికి ఏం ఒరిగింది? ఇదంతా టోపీ పిచ్చి ఉన్నవాళ్ళకే పనికొచ్చే గొడవలా కనిపిస్తుంది. కానీ చేతిపనికి అంకె వేయడం అనే సమస్యకి ఇంత శుభ్రమైన ఉదాహరణ నాకు మరొకటి కనపడలేదు.

పేరులోనే టోపీ

పనామా అనగానే మనలో కొందరికి కాలువ గుర్తొస్తుంది. మన నాన్నల తరానికి సిగరెట్ గుర్తొస్తుంది. 2016 తర్వాత వార్తలు చదివేవాళ్ళకి పేపర్లు గుర్తొస్తాయి. లార్డ్స్ టెస్టు మ్యాచ్ చూసేవాళ్ళకి పెవిలియన్‌లో కూర్చున్న పెద్దమనుషుల తెల్ల టోపీలు కూడా గుర్తురావాలి. కానీ ఆ టోపీ పనామాది కాదు, ఈక్వెడార్‌ది. పసిఫిక్ తీరాన మనాబీ రాష్ట్రంలో ఉన్న మోంతెక్రిస్తి, హిపిహాపా అనే ఊళ్ళు దానికి పుట్టిళ్ళు. స్పానిష్ మాట్లాడే చాలాచోట్ల దాన్ని ఇప్పటికీ 'హిపిహాపా' అనే పిలుస్తారు.

పేరు మారడానికి కారణం వ్యాపారపు దారి. పందొమ్మిదో శతాబ్దంలో ఈక్వెడార్ సరుకు ఓడల మీద పనామా భూసంధికి చేరి, అక్కణ్ణించి ప్రపంచానికి వెళ్ళేది. 1849లో కాలిఫోర్నియా బంగారం కోసం ఎగబడ్డ జనంలో చాలామంది అమెరికా తూర్పుతీరం నుంచి పనామా మీదుగానే పశ్చిమానికి వెళ్ళారు. ఎండ మాడ్చేస్తున్న చోట చల్లటి, తేలికైన టోపీ దొరికితే ఎవరు కొనరు? కొన్నచోటి పేరే దానికి అంటుకుంది. బొంబాయి రవ్వకి బొంబాయి పేరు అంటుకున్నట్టే ఇదీ. 1906 నవంబర్‌లో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కాలువ పనులు చూడడానికి వెళ్ళి, ఆవిరి పార మీద కూర్చుని టోపీతో ఫొటో దిగాడు. పేరు ఆ ఫొటో వల్లే వచ్చిందని తరచూ రాస్తుంటారు. ఫొటో పేరుని స్థిరపరిచి ఉండొచ్చు గానీ, 1830ల నాటికే ఇంగ్లీషులో 'పనామా టోపీ' అనే మాట వాడుకలో ఉంది.

తెలుగులో టోపీ పెట్టడమంటే ఏమిటో మనకి తెలుసు. ఈక్వెడార్ వాళ్ళకి ఈ పేరు విషయంలో జరిగింది అదే అనిపిస్తుంది. అయితే దీనివల్ల అందరూ నష్టపోలేదు. ఎలోయ్ అల్ఫారో అనే మనిషి 1842లో మోంతెక్రిస్తిలోనే పుట్టాడు. తండ్రి స్పెయిన్ నుంచి వచ్చి స్థిరపడ్డ వ్యాపారి, టోపీల ఎగుమతి ఆయన వ్యాపారాల్లో ఒకటి. కొడుకు పనామాలో ఉంటూ ఆ వ్యాపారాన్ని పెంచాడు. ఆ డబ్బులో పెద్ద భాగాన్ని ఈక్వెడార్ ఉదారవాద తిరుగుబాట్లకి పోశాడు. 1895లో ఆ విప్లవం గెలిచి అల్ఫారో అధికారంలోకి వచ్చాడు. రెండుసార్లు దేశాన్ని పాలించాడు. చర్చినీ ప్రభుత్వాన్నీ విడదీశాడు. గుయాకీల్ నుంచి కీటో దాకా కొండలెక్కే రైలుమార్గం 1908లో ఆయన హయాంలోనే పూర్తయింది. 1912 జనవరిలో కీటోలో ఒక మూక ఆయన్ని చంపి, శవాన్ని వీధుల్లో ఈడ్చుకెళ్ళి తగలబెట్టింది. దాదాపు వందేళ్ళ తర్వాత, దేశపు కొత్త రాజ్యాంగాన్ని 2008లో రాసుకున్నది కూడా మోంతెక్రిస్తిలోనే, ఆయన జ్ఞాపకార్థమే.

ఈ కథలో నన్ను ఆపింది ఒక చిన్న విషయం. టోపీ డబ్బు ఒక విప్లవాన్ని నడిపించేంత ఉంది. అయితే ఆ డబ్బు చేరింది అల్లినవాళ్ళకి కాదు. టోపీని వెలుతురుకి పట్టి చూసి 'ఇది ఈ రకం, దీనికి ఇంత' అని ఒకచోట చెప్పి, మరోచోట మరో ధర చెప్పగలిగిన వాళ్ళకి చేరింది. నాణ్యత తేల్చడం మొదటినుంచీ రుచికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, అధికారానికి కూడా సంబంధించింది.

పరక నుంచి టోపీ దాకా

దేన్ని కొలవాలో తెలియాలంటే టోపీ ఎలా తయారవుతుందో తెలియాలి.

దీనికి వాడే పరకని తోకీయ అంటారు. మొక్క శాస్త్రీయ నామం కార్లుడోవికా పామేటా. చూడడానికి తాటిజాతి మొక్కలా విసనకర్ర ఆకులతో ఉంటుంది గానీ తాటి కుటుంబానికి చెందదు. రుయిస్, పవోన్ అనే స్పానిష్ వృక్షశాస్త్రజ్ఞులు తమ రాజు నాలుగో కార్లోస్, రాణి మరియా లూయిసా పేర్లు కలిపి ఆ పేరు పెట్టారు. ఆకు విచ్చుకోకముందే, ఈటెలా నిలబడి ఉన్న లేత మొగ్గని కోస్తారు. పైనున్న ఆకుపచ్చ పొర తీసేసి, లోపలి తెల్లటి భాగాన్ని సన్నగా చీలుస్తారు. నీళ్ళలో ఉడికించి, ఆరబెట్టి, గంధకం పొగ పెడతారు. ఆరేటప్పుడు చదునుగా ఉన్న పరక అంచులు లోపలికి ముడుచుకుని గుండ్రటి పోగులా తయారవుతుంది. అందుకే పనామా టోపీ పరక మామూలు గడ్డి టోపీ పరకలా బద్దలా ఉండదు, దారంలా ఉంటుంది.

ఎంత సన్నగా చీల్చారన్న దగ్గరే టోపీ నాణ్యతకి పైహద్దు నిర్ణయమైపోతుంది. లావు పరకతో ఎంత గొప్ప చెయ్యి అల్లినా సన్నటి అల్లిక రాదు. అలాగని సన్నగా చీల్చినంత మాత్రాన సరిపోదు. వందల పరకలు ఒకే లావులో, ఒకే రంగులో ఉండాలి. మంచి అల్లకందారు అల్లడం మొదలెట్టే ముందు పరకలు ఏరడానికే చాలా సమయం పెడుతుంది.

ఇది నేత కాదు, అల్లిక. మగ్గం లేదు, నాడె లేదు. నడినెత్తి దగ్గర కొన్ని పరకల్ని ఒకదాని మీదొకటి అడ్డంగా వేసి మొదలుపెట్టి, గుండ్రంగా బయటికి అల్లుకుంటూ వస్తారు. వృత్తం పెద్దదయ్యేకొద్దీ పరకల మధ్య ఖాళీ పెరుగుతుంది కాబట్టి మధ్యమధ్యలో కొత్త పరకలు చేరుస్తారు. నెత్తిభాగం పూర్తయ్యాక దాన్ని చెక్క దిమ్మ మీద పెట్టి, ఛాతీని ఆ దిమ్మకి ఆనించి, ముందుకి వంగి పక్కల్ని, ఆ తర్వాత అంచుని అల్లుతారు. వేళ్ళు తడిగా ఉండాలి. ఎండ ముదిరితే పరక పెళుసుబారుతుంది, చెయ్యి చెమట పడుతుంది. అందుకే మేలురకం అల్లేవాళ్ళు తెల్లవారుజామున, సాయంత్రం, మబ్బు పట్టినప్పుడు పనిచేస్తారు. ఒక టోపీ అల్లడానికి ఒక రోజు నుంచి ఎనిమిది నెలల దాకా పడుతుందని యునెస్కో తన పట్టికలో రాసింది. ఒకే వస్తువు, ఒకే పరక, ఒకే పద్ధతి. తయారయ్యే సమయంలో మాత్రం రెండొందల రెట్లకి పైగా తేడా.

అల్లకందారు చెయ్యి దాటాక కూడా పని అయిపోదు. అంచు చివర వేలాడే పరకల్ని వెనక్కి మడిచి అల్లి ముగించేవాళ్ళు వేరు. ఒక్కొక్క పరకని లాగి అల్లికని బిగించేవాళ్ళు వేరు. మిగిలిన కొసల్ని కత్తిరించి, కడిగి, మళ్ళీ గంధకం పొగ పెట్టి, కొయ్య సుత్తితో కొట్టి మెత్తబరిచి, ఇస్త్రీ చేసేవాళ్ళు ఉంటారు. మోంతెక్రిస్తిలో ఇవన్నీ విడివిడి వృత్తులు. ఎనిమిది నెలల అల్లికని సుత్తి దెబ్బ ఒక్కటి పాడుచేయగలదు.

కళ్ళతో చూసేవి

వ్యాపారి టోపీని చేతిలోకి తీసుకోగానే చేసే మొదటి పని దాన్ని వెలుతురుకి పట్టడం. బయటినుంచి నున్నగా కనిపించిన టోపీ లోపల దాచుకున్నవన్నీ అప్పుడు బయటపడతాయి. వరసలు తిన్నగా ఉన్నాయా, వంకర్లు తిరిగాయా? ఒకచోట దట్టంగా, ఇంకోచోట వదులుగా ఉందా? ఒక లావు పరక సన్నటివాటి మధ్య నల్లగీతలా కనిపిస్తోందా? చిన్నచిన్న కన్నాలున్నాయా? రంగు అంతటా ఒకేలా దంతపు తెలుపులో ఉందా, గోధుమరంగు చారలున్నాయా?

తర్వాత అంచు కొస చూస్తారు. పరకల్ని వెనక్కి మడిచి అల్లికలోనే కలిపేసి ముగిస్తే అది పూర్తి టోపీ. కొసని కత్తిరించి, మడిచి, మిషను మీద కుట్టేస్తే ఆ కష్టం తప్పుతుంది, ధర తగ్గుతుంది. కొనేవాళ్ళు ఎవరైనా ఒక్క చూపులో పట్టుకోగల తేడా ఇది.

అల్లిక రకం కూడా చూస్తారు గానీ దాన్నిబట్టి మంచీచెడూ చెప్పలేం. చేపముల్లులా ఏటవాలు గీతలు కనిపించేది ఒక రకం. చిన్నచిన్న గళ్ళు కనిపించే 'బ్రీసా' ఇంకో రకం. గళ్ళు ఉన్నది తక్కువ, ముల్లు ఉన్నది ఎక్కువ అని లేదు. చీరలో జరీ అంచు బావుందా, గంగా జమున అంచు బావుందా అన్నట్టే ఇది ఎవరి ఇష్టం వాళ్ళది.

వలయాలు, అంకెలు

ఇలా కళ్ళతో చూసేదానికి ఒక ఇబ్బంది ఉంది. చూసేవాడి కన్ను అమ్మేవాడికి కనపడదు. 'ఇది రెండో రకం' అని వ్యాపారి అంటే, కాదని చెప్పడానికి అల్లకందారు దగ్గర ఏముంది? న్యూయార్క్‌లోనో లండన్‌లోనో కొనేవాడికి మరీ కష్టం. అందుకే వ్యాపారంలో చూపు స్థానంలోకి లెక్క వచ్చింది.

మొదటి లెక్క వలయాలది. నెత్తిభాగాన్ని లోపలినుంచి చూస్తే చెట్టు మొదట్లో కనిపించే వలయాల్లాంటివి కనపడతాయి. కొత్త పరకలు చేర్చినచోట ఏర్పడే గుర్తులవి. స్పానిష్‌లో వుయెల్తాలు అంటారు. పరక సన్నగా ఉంటే ఎక్కువసార్లు చేర్చాలి, ఎక్కువ వలయాలు వస్తాయి. కాబట్టి వలయాలు ఎన్నుంటే అంత మేలురకం. సులభంగా ఉంది, మసక వెలుతుర్లో కూడా లెక్కపెట్టొచ్చు.

ఇక్కడ ఏమవుతుందో సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్ళు ఎవరైనా ఊహించగలరు. వలయానికి డబ్బిస్తామంటే వలయాలే వస్తాయి. అల్లిక సన్నబడక్కర్లేదు, పరకలు చేర్చే చోట్లని దగ్గరదగ్గరగా జరిపితే చాలు. అదే ముతక టోపీకి వలయాలు పెరుగుతాయి. ఒక కొలతని లక్ష్యంగా మార్చిన మరుక్షణం అది మంచి కొలత కాకుండా పోతుందన్న సూత్రాన్ని బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ పేరుతో చెప్పుకుంటాం. ఆయన ఆ ఆలోచనని 1975లో ద్రవ్య విధానం గురించి రాస్తూ చెప్పాడు. మా ఆఫీసుల్లో రాసిన కోడు లైన్లు లెక్కపెట్టినప్పుడు, మూసేసిన టికెట్లు లెక్కపెట్టినప్పుడు జరిగేది కూడా ఇదే. తేడా ఏమిటంటే మా దగ్గర లెక్కని మోసం చేసినవాడికి జీతం ఎలాగూ వస్తుంది. అక్కడ అల్లకందారుకి మరో దారి లేదు. వ్యాపారి ఏది చూసి డబ్బిస్తాడో అది ఇవ్వడాన్ని మోసం అనడానికి నాకు నోరు రాదు. కొలత సృష్టించినవాడే దాన్ని పాడుచేశాడు.

రెండో లెక్క గ్రేడ్లది. ఫీనో, సూపర్‌ఫీనో లాంటి మాటలు, లేదా 1 నుంచి 20 దాకా అంకెలు. వినడానికి శాస్త్రీయంగా ఉంటాయి. కానీ ఎవరి గ్రేడు వాళ్ళది. ఒక కంపెనీ 12 అన్నది ఇంకో కంపెనీకి 8 కావచ్చు. ఒక దుకాణంలో సూపర్‌ఫీనో అన్నది మరో దుకాణంలో మామూలు ఫీనో కావచ్చు. ఈ మాటల వెనక అందరూ ఒప్పుకున్న ప్రమాణం ఏదీ లేదు. బట్టల మీద 'ఎల్', 'ఎక్స్ఎల్' అని రాసినట్టే ఇవీ. ఆ అక్షరం ఒక కొలతలా కనిపిస్తుంది, నిజానికి అది ఆ కంపెనీ అభిప్రాయం.

గుణించి చూస్తే

మూడో లెక్క అమెరికన్ టోపీల వ్యాపారి బ్రెంట్ బ్లాక్ ప్రచారంలోకి తెచ్చింది. పేరు 'మోంతెక్రిస్తి కుయెంతా'. కుయెంతా అంటే స్పానిష్‌లో లెక్క. (కుయెంకా అనే ఊరు వేరు, దాని సంగతి కిందకి వస్తుంది.) పద్ధతి చాలా సులభం. టోపీ మీద ఒక అంగుళం అడ్డంగా స్కేలు పెట్టి అల్లిక వరసలు లెక్కపెట్టాలి. మళ్ళీ ఒక అంగుళం నిలువుగా లెక్కపెట్టాలి. రెండింటినీ గుణించాలి. వచ్చేది చదరపు అంగుళంలో ఉన్న అల్లికల సంఖ్య. వంద లోపు ఉంటే ముతక. వెయ్యి దాటితే చాలా మేలురకం. 1600 నుంచి 2500 దాకా వెళ్ళేవి అరుదైనవి.

జోడించడం కాకుండా గుణించడం ఎందుకు ముఖ్యమో చూడండి. అంగుళానికి 20 వరసలున్న టోపీలో చదరపు అంగుళానికి 20 × 20, అంటే 400 అల్లికలు. 40 వరసలున్నదాంట్లో 1600. కంటికి రెండోది మొదటిదానికన్నా రెట్టింపు సన్నగా కనిపిస్తుంది, చేతికి మాత్రం నాలుగు రెట్ల పని. పైగా పరక సన్నబడేకొద్దీ ఒక్కో అల్లిక వేయడానికి పట్టే సమయం కూడా పెరుగుతుంది, తెగే ప్రమాదం పెరుగుతుంది, అల్లడానికి అనువైన గంటలు తగ్గుతాయి. కాబట్టి అసలు శ్రమ నాలుగు రెట్లని కూడా దాటిపోతుంది. 1 నుంచి 20 దాకా మెట్లలా వేసిన గ్రేడు ఈ సంగతిని దాచేస్తుంది. 10కీ 20కీ మధ్య తేడా రెండు రెట్లేగా అన్న భ్రమ కలిగిస్తుంది. ఆ భ్రమలో ఎవరి శ్రమ మాయమవుతోందో వేరే చెప్పక్కర్లేదు.

మోంతెక్రిస్తికి దగ్గర్లో పిలే అనే చిన్న ఊరు ఉంది. అత్యంత సన్నటి టోపీలు అక్కణ్ణించే వస్తాయి. అక్కడి సిమోన్ ఎస్పినాల్ ప్రపంచంలోని అత్యుత్తమ అల్లకందార్లలో ఒకడని పేరు. ఆయన టోపీలు చదరపు అంగుళానికి సుమారు 3000 అల్లికలతో ఉంటాయని, ఒకటి మాత్రం 4000 దాటిందని, దానికి ఐదు నెలలు పట్టిందని రాశారు. 4000కి వర్గమూలం తీస్తే 63 చిల్లర. అంటే ఒక అంగుళంలో 63 వరసలు. ఒక్కో వరస వెడల్పు 0.4 మిల్లీమీటర్లు. భూతద్దం లేకుండా, మగ్గం లేకుండా, వంగి, ఛాతీ దిమ్మకి ఆనించి, వేళ్ళతో చేసే పని ఇది.

లెక్కకి అందనివి

ఈ లెక్కని మోసం చేయడం కష్టం. వరసలు పెరగాలంటే నిజంగానే సన్నగా అల్లాలి. కొనేవాడు, అమ్మేవాడు, అల్లేవాడు ముగ్గురూ ఒకే స్కేలు పెట్టి చూసుకోవచ్చు. వ్యాపారి కన్ను మీద ఆధారపడక్కర్లేదు. ఇది చిన్న విషయం కాదు.

అయితే ఇది సాంద్రతని కొలుస్తుంది, సమానతని కాదు. చదరపు అంగుళానికి 900 అల్లికలతో వరసలు అద్దంలా తిన్నగా ఉన్న టోపీ ఒకటి ఉందనుకోండి. 1100 అల్లికలతో, కానీ వంకర్లతో, రంగు మచ్చలతో ఉన్న టోపీ ఇంకోటి ఉందనుకోండి. ఏది మెరుగు? మొదటిదే అని టోపీ తెలిసినవాళ్ళు అంటారు. లెక్క మాత్రం రెండోదే అంటుంది. గణితం భాషలో చెప్పాలంటే సగటు ఒక్కటే చెప్తే సరిపోదు, చెదురు ఎంతో కూడా చెప్పాలి. ఎక్కడ కొలిచారన్నది కూడా ముఖ్యం. నెత్తి దగ్గర దట్టంగా మొదలుపెట్టి అంచుకి వచ్చేసరికి వదులు చేస్తే, నెత్తి మీద మాత్రమే స్కేలు పెట్టినవాడు పొరబడతాడు.

పిలే గురించి యునెస్కో రాసిన మాటల్లో నాకు ఆసక్తిగా అనిపించింది ఇదే. అక్కడి మేలురకం టోపీలకి ప్రత్యేకమైన వాతావరణం కావాలని, ప్రతి వరసలోనూ కచ్చితమైన సంఖ్యలో అల్లికలు ఉంటాయని అందులో ఉంది. అంటే లెక్క బయటినుంచి వచ్చిన వ్యాపారి కనిపెట్టిందేమీ కాదు. అల్లేవాళ్ళ వేళ్ళలో అది ముందునుంచే ఉంది. వాళ్ళు టోపీ అయ్యాక కొలవరు, అల్లుతూ లెక్కపెడతారు. వ్యాపారి లెక్క ధర కోసం, అల్లకందారు లెక్క ఆకారం కోసం. రెండోది తప్పితే మొదటిదానికి కొలవడానికి ఏమీ మిగలదు.

లెక్కలోకి రానివాళ్ళు

ఇప్పటిదాకా చెప్పిందంతా మేలురకం గురించే. నాణ్యత గురించి రాసే ఎవరికైనా ఈ జబ్బు తప్పదు, పైమెట్టు దగ్గరే నిలబడిపోతాం. కానీ ప్రపంచం తొడిగిన పనామా టోపీల్లో అత్యధిక భాగం మోంతెక్రిస్తివి కావు. దక్షిణాన ఆండీస్ కొండల మీద ఉన్న కుయెంకా చుట్టుపక్కల, అసువాయ్, కన్యార్ రాష్ట్రాల పల్లెల్లో అల్లినవి. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో, అక్కడి పాత చేతిపనులు దెబ్బతిన్నప్పుడు, స్థానిక అధికారులే తీరం నుంచి ఈ విద్యని తెప్పించి జనానికి నేర్పించారు. పరక అక్కడ పండదు, తీరం నుంచి కొండలెక్కి రావాలి. అల్లేది ఎక్కువగా ఆడవాళ్ళు. పొలంపనికీ వంటకీ మధ్య, సంతకి నడిచి వెళ్తూ కూడా చేతిలో టోపీ ఆడుతూనే ఉంటుంది.

ఈ టోపీలు ముతకవి. రోజుల్లో అయిపోతాయి. వీటికి కుయెంతా లెక్క ఎవరూ వేయరు, డజన్లలో కొంటారు. ఊరికీ ఎగుమతి కంపెనీకీ మధ్య కొమిసియోనిస్తాలని పిలిచే దళారులు ఉంటారు. పరక అమ్మేదీ తరచూ మధ్యవాళ్ళే, టోపీ కొనేదీ మధ్యవాళ్ళే. ఆకారం దిద్దని టోపీ అమెరికాకో యూరప్‌కో వెళ్ళి, అక్కడ అచ్చులో పడి, రిబ్బను కట్టించుకుని, లోపల ఒక కంపెనీ పేరు ముద్రించుకుంటుంది. ధర పెరిగేదంతా అక్కడే.

1940ల మధ్యలో ఈ టోపీలు ఈక్వెడార్ ప్రధాన ఎగుమతుల్లో ఒకటిగా వెలిగాయి. 1950లకి వచ్చేసరికి పడిపోయాయి. మగవాళ్ళు టోపీలు పెట్టుకోవడం తగ్గింది. ఆసియా నుంచి చవకైన కాయితప్పోగుల టోపీలు వచ్చాయి. కుయెంకా ప్రాంతం కుప్పకూలింది. పొలాలు చిన్నవి, వేరే పని లేదు. టోపీల వ్యాపారం వేసిన దారినే పట్టుకుని మగవాళ్ళు న్యూయార్క్ వలసపోవడం మొదలైంది. అసువాయ్, కన్యార్‌ల నుంచి అమెరికాకి ఆ తర్వాత దశాబ్దాల్లో సాగిన పెద్ద వలసకి మొదలు ఇక్కడే ఉంది. టామ్ మిల్లర్ అనే అమెరికన్ రచయిత 1986లో 'ది పనామా హ్యాట్ ట్రైల్' అనే పుస్తకంలో పరక కోసిన దగ్గర్నుంచి అమెరికాలో దుకాణం దాకా ఒక టోపీ ప్రయాణాన్ని వెంబడించాడు. ఆ దారి పొడుగునా ప్రతి మజిలీలోనూ ధర పెరగడం చూస్తే, మనకి పత్తిరైతుకీ చొక్కా ధరకీ మధ్య ఉన్న దూరం గుర్తొస్తుంది.

నాణ్యత అనే మాటని కాస్త అనుమానంగా చూడాల్సింది ఇక్కడే. ముతక టోపీ అల్లిన మనిషికి పనితనం లేదని కాదు. ఆమెకి ఎనిమిది నెలలు ఆగే స్తోమత లేదు. శనివారం అమ్మితేనే ఆదివారం ఇల్లు గడుస్తుంది. సూపర్‌ఫీనో అల్లాలంటే వేళ్ళే కాదు, అన్ని నెలల ఖర్చుకి ఎవరో భరోసా ఇవ్వాలి. కాబట్టి చదరపు అంగుళంలో ఎన్ని అల్లికలున్నాయన్న ప్రశ్నకి జవాబు కొంత చేతిలో ఉంటే, కొంత అప్పులో ఉంటుంది.

మోంతెక్రిస్తిలో అదే సమస్య ఇంకో రూపంలో కనిపిస్తుంది. అసలైన సూపర్‌ఫీనో అల్లగలవాళ్ళు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే మిగిలారని టోపీల గురించి రాసేవాళ్ళందరూ అంటున్నారు. ఈ విద్య బడిలో వచ్చేది కాదు, ఇంట్లో చిన్నప్పుడే చూసి నేర్చుకోవాలి. ఐదారు నెలలు కూర్చుని అల్లాక, దాని ధర ఎంతో వ్యాపారి కన్ను చూసి చెప్తుందంటే, చదువుకున్న కొడుకో కూతురో ఆ దిమ్మ ముందు ఎందుకు కూర్చుంటారు? యునెస్కో 2012లో మానవాళి సాంస్కృతిక వారసత్వ పట్టికలో చేర్చింది టోపీని కాదు, టోపీ అల్లే విద్యని. పోయేది ఏదో వాళ్ళు సరిగ్గానే గుర్తుపట్టారు. పాత టోపీలు మ్యూజియంలో ఉంటాయి, వేళ్ళు ఉండవు.

అందుకే నాకు ఆ స్కేలు లెక్క, దాని లోపాలన్నిటితో సహా, మంచిదే అనిపిస్తుంది. అది కొనేవాడికి టోపీ గురించి అంతా చెప్పదు. కానీ అల్లినవాడు వ్యాపారి ముందు నిలబడి 'అంగుళానికి ఇన్ని, నువ్వే లెక్కపెట్టుకో' అని చెప్పడానికి పనికొస్తుంది. ఉంగరం కథ ఎప్పుడూ అమ్మేవాడి నోట్లోనే ఉంటుంది, స్కేలు ఎవరి చేతిలోనైనా ఉండొచ్చు.

మీలో ఎవరైనా ఎప్పుడైనా పనామా టోపీ కొంటే ఉంగరం అడగకండి. వెలుతురుకి పట్టి వరసలు చూడండి. అంచు కొస అల్లి ముగించారో, కుట్టి ముగించారో చూడండి. అంగుళానికి ఎన్ని వరసలో అడగండి, వాళ్ళు గ్రేడు చెప్తే గ్రేడు వద్దు వరసలు చెప్పమనండి. ఆ తర్వాత ఎవరు అల్లారో అడగండి. మొదటి ప్రశ్నకి జవాబు చెప్పగల దుకాణాలు కొన్నైనా దొరుకుతాయి. రెండో ప్రశ్నకి జవాబు చెప్పేవాడు దొరికితే, అక్కడే కొనండి.